వాన చూడ్డానికే వెళ్తే ఎక్కడికి? సోహ్రా, మాసిన్రాం, ఆగుంబె, కవాయి, మిల్‌ఫర్డ్ సౌండ్ పోలిక

"ప్రపంచంలో అత్యధిక వర్షపాతం ఎక్కడ?" అని మాస్టారు అడిగితే మా తరం పిల్లలం ముక్తకంఠంతో "చిరపుంజి" అనేవాళ్లం. ఇప్పుడు పోటీ పరీక్షల పుస్తకాల్లో జవాబు మాసిన్రాం. నెట్‌లో వెతికితే కొలంబియాలో రెండు ఊళ్లు, హవాయిలో ఒక కొండ, న్యూజిలాండ్‌లో ఒక ఏరు, ఆఫ్రికాలో ఇంకో రెండు పల్లెలు "మాదీ ఉంది" అంటూ వరసలో నిలబడతాయి. పరీక్ష రాసేవాళ్లకి ఒక టిక్కుతో పని అయిపోతుంది. నిజంగా బ్యాగు సర్దుకుని ఆ వానలో నిలబడాలనుకునేవాళ్లకే తలనొప్పి.

ఇది ఆ రెండో రకం మనుషుల కోసం. ముందే నా తీర్పు చెప్పేస్తాను: మిల్లీమీటర్లు చూసి ఊరు ఎంచుకోవద్దు. జాబితాలో పైన ఉన్నవాటిలో సగం చోట్లకి మనిషి వెళ్లే దారే లేదు. మిగతావాటిలో కొన్నిచోట్ల వాన పడుతున్నప్పుడు పొగమంచు తప్ప ఏమీ కనబడదు. పదకొండు మీటర్ల వాన పడేచోట కిటికీ పక్కన కూర్చుని ఏమీ చూడలేకపోవడం కన్నా, ఏడు మీటర్ల వాన పడేచోట వంద జలపాతాలు చూడటం మేలు.

ముందు ఈ "మొదటి స్థానం" గొడవ

వానకి ఒక్క కొలత లేదు. ఏడాది సగటు ఒక లెక్క, ఏడాదిలో ఎన్ని రోజులు పడుతుందనేది ఇంకో లెక్క, ఒక్క రోజులో ఎంత కుమ్మరిస్తుందనేది మరో లెక్క. ఒక్కో లెక్కకి ఒక్కో ఊరు గెలుస్తుంది.

ఏడాది సగటులో మేఘాలయలోని మాసిన్రాం 11,872 మిల్లీమీటర్లతో ముందుంటుంది. అదే రాష్ట్రంలోని చిరపుంజి, అంటే అక్కడివాళ్ల మాటలో సోహ్రా, సగటు 11,777. తేడా వంద మిల్లీమీటర్లు. ఒక శాతం కూడా లేదు. ఏ ముప్పై ఏళ్ల సగటు తీశారన్నదాన్ని బట్టి ఈ అంకెలు అటూ ఇటూ జరుగుతూనే ఉంటాయి కాబట్టి, ఈ తేడా కోసం టికెట్ మార్చుకోవడం అనవసరం. కొలంబియాలోని లోపెజ్ దె మికాయ్ అనే ఊరికి 12,892 అని ఒక లెక్క ఉంది, దాన్ని ఒప్పుకుంటే మేఘాలయ రెండో స్థానానికి దిగుతుంది.

ఒక ఏడాదిలో పడిన గరిష్ఠ వాన మాత్రం ఇప్పటికీ సోహ్రాదే. 1860 ఆగస్టు నుంచి 1861 జూలై వరకు అక్కడ 26,461 మిల్లీమీటర్లు పడింది. ఎనిమిది అంతస్తుల మేడంత ఎత్తు నీళ్లు. రెండు రోజుల రికార్డు కూడా ఆ ఊరిదే: 1995 జూన్ 15, 16 తేదీల్లో 2,493 మిల్లీమీటర్లు. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 పడుతుందనుకుంటే, మూడేళ్ల వాన రెండు రోజుల్లో పడినట్టు. ఇరవై నాలుగు గంటల రికార్డుకి వచ్చేసరికి హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి గెలుస్తుంది. 1966 జనవరిలో డెనీస్ తుపాను వచ్చినప్పుడు అక్కడి ఫోక్‌ఫోక్ అనేచోట 1,825 మిల్లీమీటర్లు కొలిచారు. మన తెలుగువాళ్లు తరతరాలుగా ఉంటున్న మారిషస్‌కి పొరుగు దీవి అది. తుపాను చూడ్డానికి ఎవరూ టికెట్ కొనరు కాబట్టి రీయూనియన్‌ని ఈ పోలికలో పెట్టలేదు.

ఏం చూసి ఎంచుకోవాలి

నా లెక్కలో ఐదు విషయాలున్నాయి. మొదటి రెండూ అన్నిటికన్నా ముఖ్యం.

వాన పడే చోటికి మనిషి చేరగలడా? కొండ శిఖరం మీద కొలిచిన అంకెకీ, మీరు గది తీసుకునే ఊళ్లో పడే వానకీ సంబంధం లేకపోవచ్చు.

వాన పడుతుంటే ఏమైనా కనిపిస్తుందా? మేఘం కొండకి గుద్దుకుని వానయ్యే ఎత్తులో మీరుంటే, మీరు మేఘం లోపల ఉన్నట్టే. కింద లోయలోనో నీటి మీదో ఉంటే జలపాతాలు కనిపిస్తాయి.

తడిసి విసుగెత్తితే తప్పించుకునే దారి ఉందా? కొన్నిచోట్ల గంట దూరంలో ఎండ ఉంటుంది, కొన్నిచోట్ల జిల్లా అంతా ముసురే.

వానాకాలం మీ సెలవులతో కలుస్తుందా? ప్రపంచంలో అత్యధిక వాన పడే ఊరికి డిసెంబరులో వెళ్లి దుమ్ము చూసి వచ్చినవాళ్లు బోలెడంతమంది.

చివరిది ఖర్చు, వీసా, తిండి, వెంట వచ్చేవాళ్ల మోకాళ్లు. చివర చెప్పానని చిన్న విషయం అనుకోకండి. ఇంట్లో అసలు చర్చ ఇక్కడే జరుగుతుంది.

| చోటు | ఏడాది వాన (సుమారు, మి.మీ.) | గట్టి వాన ఎప్పుడు | వానలో ఏం కనిపిస్తుంది | చేరడం |
|---|---|---|---|---|
| సోహ్రా, మేఘాలయ | 11,777 | జూన్, జూలై | పొగమంచు, మధ్యమధ్యలో తెర తీసినట్టు జలపాతాలు | గువాహటి, షిల్లాంగ్ మీదుగా కారు |
| మాసిన్రాం, మేఘాలయ | 11,872 | జూన్, జూలై | ఎక్కువగా పొగమంచే | షిల్లాంగ్ నుంచి కారు, బస తక్కువ |
| ఆగుంబె, కర్ణాటక | 7,600 | జూలై, ఆగస్టు | అడవి, వాగులు, మంచు | ఉడుపి లేదా శివమొగ్గ నుంచి రోడ్డు |
| వైయలెయలె, కవాయి దీవి, హవాయి | 10,000 దరిదాపు | ఏడాదంతా, చలికాలంలో కాస్త ఎక్కువ | శిఖరం మబ్బులో, హెలికాప్టర్ నుంచి గోడల్లాంటి జలపాతాలు | శిఖరానికి మామూలు దారి లేదు |
| మిల్‌ఫర్డ్ సౌండ్, న్యూజిలాండ్ | 6,500 అటూ ఇటూ | ఏడాదంతా | రాతిగోడల మీద వందల తాత్కాలిక జలపాతాలు | క్వీన్స్‌టౌన్ నుంచి రోడ్డు, పడవ |

సోహ్రా: పేరు మర్చిపోలేని ఊరు

అంత వాన అక్కడే ఎందుకు అని పటం ముందేసుకుంటే ఒక్క నిమిషంలో అర్థమైపోతుంది. బంగాళాఖాతం నుంచి వచ్చే నైరుతి గాలికి బంగ్లాదేశ్ మైదానంలో అడ్డమే లేదు. సముద్రమట్టానికి కాస్త పైనున్న ఆ పల్లపు నేల మీద వందల కిలోమీటర్లు వచ్చి, ఒక్కసారిగా ఖాసీ కొండల నిట్టనిలువు గోడకి తగులుతుంది. కొద్ది దూరంలోనే పదమూడు, పద్నాలుగు వందల మీటర్లు పైకి లేవాలి. లేచే క్రమంలో చల్లబడి, మోసుకొచ్చినదంతా అక్కడే దింపేస్తుంది. ఆ గోడ అంచున కూర్చున్న ఊళ్లే సోహ్రా, మాసిన్రాం. కొండ వెనక ఉన్న షిల్లాంగ్‌లో సోహ్రా వానలో నాలుగో వంతు కూడా పడదు. రెండిటికీ మధ్య దూరం యాభై ఐదు కిలోమీటర్లే.

యాత్రికులకి పనికొచ్చే సంగతి ఒకటి చాలామంది చెప్పరు. ఇక్కడ వాన ఎక్కువగా రాత్రి, తెల్లవారుజామున పడుతుంది. రాత్రంతా రేకుల పైకప్పు మీద కుండపోత, పొద్దున పదింటికి కాస్త తెరిపి, మధ్యాహ్నం ఓ గంట లోయ కనిపించడం, సాయంత్రానికి మళ్లీ మబ్బు. ఇదే వరస అని హామీ లేదు. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసు? కానీ తెల్లారగానే ముసురు చూసి నీరసపడి దుప్పటి కప్పుకోకండి, బూట్లు వేసుకుని సిద్ధంగా ఉండండి. మేము వెళ్లిన జూన్‌లో నొహ్‌కలికాయ్ జలపాతం దగ్గరికి మూడుసార్లు పోతే రెండుసార్లు వట్టి చప్పుడే వినిపించింది. తెల్లటి గోడ ముందు నిలబడి, గోడ అవతల ఏదో పెద్దది పడుతున్నట్టు వినడం. మూడోసారి పావుగంట పాటు మంచు తొలిగింది. 340 మీటర్ల జలపాతం, కింద ఆకుపచ్చ మడుగు. ఆ పావుగంట కోసం మూడు రోజులు పెట్టానని నాకు బాధ లేదు. మా ఆవిడ లెక్క వేరు.

వాన పడుతున్నా చేయగలిగినవి ఇక్కడ చాలానే ఉన్నాయి. అదే సోహ్రాకి పెద్ద బలం. మావ్‌స్మయి గుహలోకి వాన రాదు (పైనుంచి కారుతుంది అనుకోండి). ఊరి దగ్గరే మావ్మ్లూ అనే ఇంకో గుహ ఉంది. అందులోని ఒక సున్నపురాతి స్తంభం ముక్కను పరిశీలించి, భూమి చరిత్రలో 4,200 ఏళ్ల కింద మొదలైన యుగానికి 2018లో శాస్త్రవేత్తలు "మేఘాలయన్" అని పేరు పెట్టారు. తమాషా ఏమిటంటే, ఆ యుగం మొదలైంది ఒక పెద్ద కరువుతో. ప్రపంచంలోకెల్లా తడి నేల, దాని గుహలోనే కరువు ఆనవాళ్లు దొరికాయి.

కరువు మాటెత్తాం కాబట్టి: డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా సోహ్రా ఆడవాళ్లు నీళ్లకోసం ఊటల దగ్గరికి నడుస్తారు. పడ్డ వానంతా నిటారు వాలు మీంచి, సున్నపురాతి సందుల్లోంచి బంగ్లాదేశ్‌లోకి జారిపోతుంది. నిలబెట్టుకునే మట్టి పొర పల్చన. జనవరి మొత్తం మీద అక్కడ పడేది మన ఊళ్లో ఒక్క జడివానంత కూడా ఉండదు. సంక్రాంతి సెలవులకి వాన చూద్దామని సోహ్రా వెళ్లేవాళ్లు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదువుకోండి.

వేర్ల వంతెనల గురించి ఒక హెచ్చరిక. నొంగ్రియాట్‌లోని రెండంతస్తుల వంతెన చూడాలంటే టిర్నా పల్లె నుంచి మూడు వేలకి పైగా మెట్లు దిగి, మళ్లీ అన్నీ ఎక్కాలి. వానలో మెట్ల మీద పాచి. రబ్బరు చెట్టు జాతి వేర్లని ఏళ్ల తరబడి వాగు మీదుగా మళ్లించి పెంచిన ఆ వంతెనకి వాన వల్ల నష్టం లేదు, ఇంకా బలపడుతుంది. నష్టమల్లా మన మోకాళ్లకే. అరవై దాటినవాళ్లని తీసుకెళ్తుంటే ఆ ఒక్కటీ వదిలేయండి.

పొలాల్లో ఖాసీ ఆడవాళ్లు వెదురు, ఆకులతో అల్లిన క్నుప్ అనే డొప్పని తల నుంచి నడుము దాకా బోర్లించుకుని పని చేస్తుంటారు. మన పల్లెల్లో తాటాకు గిడుగు చూసినవాళ్లకి వెంటనే అదే గుర్తొస్తుంది. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, గాలికి తిరగబడదు. మన గొడుగు అక్కడ రెండో రోజుకి తిరగబడుతుంది.

తిండి విషయంలో మాంసాహారులకి ఇబ్బంది లేదు. పంది మాంసంతో వండే జాదో అనే అన్నం అక్కడి ఇష్టభోజనం. శాకాహారులకి అన్నం, పప్పు, బంగాళాదుంప కూర దొరుకుతాయి. నాలుగు రోజులు అదే తింటే ఆవకాయ గుర్తుకు రాకమానదు, చిన్న సీసా పెట్టుకోండి. ఎవరింటికి వెళ్లినా తమలపాకు, వక్క ఇస్తారు, దాన్ని క్వాయ్ అంటారు. పచ్చి వక్క ఘాటుకి మొదటిసారి చెమట పడుతుంది, కంగారు పడకండి.

మాసిన్రాం: అంకె గెలిచింది, ఊరు చిన్నది

సోహ్రా నుంచి మాసిన్రాం గీత గీసినట్టు కొలిస్తే పదిహేను, పదహారు కిలోమీటర్లు. మధ్యలో లోయలున్నాయి కాబట్టి రోడ్డు మీద చుట్టూ తిరిగి సగం పూట ప్రయాణం. 2022 జూన్ 17న ఇక్కడ ఒక్క రోజులో 1,003.6 మిల్లీమీటర్లు పడింది. హైదరాబాద్‌కి ఏడాదిలో పడేదానికన్నా ఎక్కువ, ఇరవై నాలుగు గంటల్లో. అదే నెలలో మేఘాలయలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. అంత వాన పడే వారంలో ఆ రోడ్డు మీద ఉండటం సరదా కాదు. వాతావరణ శాఖ రెడ్ అలర్ట్ ఇస్తే షిల్లాంగ్‌లోనే ఆగిపోండి.

ఊళ్లో చూడాల్సింది మావ్‌జింబుయిన్ గుహ. లోపల శివలింగాన్ని పోలిన సున్నపురాతి రూపం మీద పైనుంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా పడుతుంటాయి. పెద్దవాళ్లకి ఇది బాగా నచ్చుతుంది. వాన చప్పుడు తట్టుకోలేక పైకప్పుల మీద గడ్డి పరిచే అలవాటు కూడా ఈ ఊరిదే. ఒక రాత్రి రేకుల ఇంట్లో పడుకుంటే ఆ గడ్డి విలువ తెలుస్తుంది.

అయినా నా సలహా: సోహ్రాలో గది, మాసిన్రాంకి షిల్లాంగ్ నుంచి ఒక పగటి ప్రయాణం. మాసిన్రాంలోనే రెండు రాత్రులు ఉండాలనేది "ప్రపంచంలో నంబర్ వన్ చోట పడుకున్నాను" అని చెప్పుకోవాలనే వాళ్లకి. ఆ కోరిక తప్పేం కాదు. ఊరి బోర్డు దగ్గర ఫొటో దిగేటప్పుడు మాత్రం ఫోను ఆరిన గుడ్డలో చుట్టి ఉంచండి.

ఆగుంబె: సెలవు మూడు రోజులే ఉన్నవాళ్లకి

ప్రపంచ జాబితాలో ఆగుంబె పైన కనిపించదు. 7,600 మిల్లీమీటర్లతో మేఘాలయకి చాలా వెనక ఉంది. కానీ ఈ పోలికలో దీన్ని పెట్టడానికి కారణం ఉంది. శివమొగ్గ జిల్లాలో పడమటి కనుమల అంచున, 650 మీటర్ల ఎత్తులో ఉన్న ఈ ఊరికి బెంగళూరులోని తెలుగువాళ్లు శుక్రవారం రాత్రి బస్సెక్కితే శనివారం పొద్దున్నే వానలో దిగుతారు. హైదరాబాద్ నుంచైతే కాచిగూడ, మంగళూరు రైలు వారంలో కొన్ని రోజులుంది. లేదా మంగళూరుకి విమానం, అక్కడి నుంచి ఉడుపి మీదుగా కారు.

ఇక్కడి వానకి మేఘాలయ వాన కన్నా ఒక సుగుణం ఉంది, అడవి. సోహ్రా పీఠభూమి మీద చాలా భాగం గడ్డి నేల. ఆగుంబెలో వాన పెద్ద చెట్ల మీద పడి, ఆకుల్లోంచి జారి, మీ మీదకి పది నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. కప్పల కచేరీ రాత్రంతా. రాచనాగుల అడ్డా కూడా ఇదే, వాటిపై పరిశోధనకి 2005లో రోములస్ విటేకర్ ఇక్కడ ఒక కేంద్రం పెట్టారు. భయపడకండి, మీకు ఎదురయ్యేది పాము కన్నా జలగే. సోమేశ్వరం వైపు దిగే ఘాట్ రోడ్డులో పద్నాలుగు హెయిర్‌పిన్ మలుపులున్నాయి. కడుపులో తిప్పే పిల్లలుంటే ముందుసీటు వాళ్లకివ్వండి.

తెలుగు కుటుంబాలకి ఇంకో సౌకర్యం: శృంగేరి ఇక్కడికి ముప్పై కిలోమీటర్ల లోపే. అమ్మానాన్నలకి శారదాంబ దర్శనం, మీకు వాన. ఇడ్లీ, సాంబారు, అన్నం కోసం వెతుక్కునే పనే లేదు. సూర్యాస్తమయం చూసే పాయింట్ చాలా పేరున్నది, వానాకాలంలో అక్కడ సూర్యుడు తప్ప అన్నీ ఉంటాయి. దాని కోసం జూలైలో వెళ్లకండి.

మహారాష్ట్రలోని అంబోలి కూడా దాదాపు ఇదే కోవ. పుణె తెలుగువాళ్లకి అది దగ్గర.

కవాయి: శిఖరం మీద వాన, బీచ్‌లో ఎండ

అమెరికాలో ఉన్న మనవాళ్లు హవాయి వెళ్లినప్పుడు ఎక్కువగా ఒవాహు, మావీతో సరిపెడతారు. వాన కోసమైతే కవాయి. దీవి నడుమ 1,569 మీటర్ల వైయలెయలె శిఖరం. ఈశాన్యం నుంచి ఏడాదంతా ఆగకుండా వీచే వాణిజ్య పవనాలు మూడువైపుల నుంచీ ఈ కొండని చుట్టుముట్టి పైకి లేస్తాయి. పైన వెచ్చటి గాలి పొర మూతపెట్టినట్టు ఉండటంతో మేఘం శిఖరం దాటి పోలేక అక్కడే కురుస్తుంది. పాత పుస్తకాల్లో సగటు 11,000 పైన రాశారు, కొత్త లెక్కల్లో 10,000 దరిదాపుల్లో ఉంది. మావీ దీవిలోని బిగ్ బాగ్ కూడా ఇప్పుడు దీనికి పోటీ.

చిక్కేమిటంటే, ఆ శిఖరానికి మామూలు మనుషులు నడిచే దారి లేదు. లిహుయె నుంచి హెలికాప్టర్‌లో కొండ గోడ ముందుకి తీసుకెళ్తారు. మబ్బు ఎక్కువుంటే దగ్గరికి పోరు. అంటే మీరు వాన కోసం వెళ్తారు, వాన లేనప్పుడే చూడనిస్తారు. ఖర్చు కూడా గట్టిగానే. నడిచేవాళ్లకి ఆలకాయి చిత్తడి నేల మీద చెక్కబాట ఉంది, అక్కడ ముసురు, మంచు ఉచితం.

కానీ తప్పించుకునే దారి అనే పరీక్షలో కవాయిని కొట్టేది లేదు. శిఖరం నుంచి ఇరవై, ముప్పై కిలోమీటర్ల దూరంలో పడమటి తీరాన వైమియా దగ్గర ఏడాదికి 500 మిల్లీమీటర్లే పడుతుంది. మన అనంతపురం లెక్క. పొద్దున తడిసి, మధ్యాహ్నం ఇసుకలో ఆరేసుకోవచ్చు. చిన్న పిల్లలున్నవాళ్లకి ఇది పెద్ద వరం. ఉత్తర తీరంలో బస తీసుకుంటే మాత్రం వరద వార్తలు చూస్తూ ఉండాలి. 2018 ఏప్రిల్‌లో అక్కడ వైపా దగ్గర 24 గంటల్లో 1,262 మిల్లీమీటర్లు పడి అమెరికా రికార్డు అయింది. ఆ వరదకి తెగిన రోడ్డు మళ్లీ అందరికీ తెరవడానికి ఏడాది పైనే పట్టింది.

మిల్‌ఫర్డ్ సౌండ్: వాన పడితేనే బాగుండే చోటు

న్యూజిలాండ్‌లో అసలు విజేత క్రాప్ నది లోయ, ఏడాదికి 11,500 మిల్లీమీటర్లు. 1997 అక్టోబరు నుంచి ఒక ఏడాదిలో 18,442 పడింది. అక్కడికి రోడ్డు లేదు. దక్షిణ ఆల్ప్స్ పర్వతాల్లో కొలత పరికరాలు చూసుకునేవాళ్లు, గట్టి ట్రెక్కర్లు తప్ప ఎవరూ పోరు.

అదే పర్వతాల దక్షిణ కొసన ఉన్న మిల్‌ఫర్డ్ సౌండ్ సంగతి వేరు. వాన దాదాపు సగమే, ఆనందం నా దృష్టిలో రెట్టింపు. హిమానీనదం చెక్కిన నిట్టనిలువు రాతి గోడలు, మధ్యలో సముద్రపు పాయ. ఆ గోడల మీద మట్టి లేదు, కాబట్టి వాన మొదలైన అరగంటలో ప్రతి సందులోంచీ ఒక జలపాతం దూకుతుంది. వాన ఆగిన కొన్ని గంటలకి మాయమవుతాయి. ఎండ రోజున రెండే శాశ్వత జలపాతాలు కనిపిస్తాయి, వాన రోజున లెక్కపెట్టలేరు. మీరు నీటి మీద పడవలో, మేఘం కింద ఉంటారు. నేను మొదట చెప్పిన రెండో పరీక్షలో దీనికే పూర్తి మార్కులు. టూర్ రోజున వాన పడితే మిగతాచోట్ల డబ్బు పోయిందని ఏడుస్తారు, ఇక్కడ వాన పడకపోతే ఏడవాలి.

క్వీన్స్‌టౌన్ నుంచి రోడ్డు మీద ఒక వైపు నాలుగు గంటలు. డ్రైవింగ్ మనలాగే ఎడమవైపు, అదొక నిశ్చింత. జూన్ నుంచి ఆగస్టు వరకు అక్కడ చలికాలం, హోమర్ సొరంగం దగ్గర మంచు చరియల భయంతో రోడ్డు మూసేస్తుంటారు. మన దసరా నుంచి ఉగాది దాకా వెళ్లడం మంచిది. ఇంకొకటి, శాండ్‌ఫ్లై అనే చిన్న పురుగులు కుడితే వారం దురద. గట్టి వానలో అవి కనబడవు, తెరిపివ్వగానే దాడి. ఆస్ట్రేలియాలోని తెలుగువాళ్లకి ఇది మూడు గంటల విమాన దూరం. ఇండియా నుంచి ప్రత్యేకంగా దీనికోసమే వెళ్లమని చెప్పను, న్యూజిలాండ్ వెళ్తే మాత్రం వదలొద్దు.

జాబితాలో ఉన్నా నేను పంపని చోట్లు

కొలంబియాలోని చోకో ప్రాంతంలో వాన నిజంగానే అసామాన్యం. కిబ్డో అనే నగరం మీద ఏడాదిలో మూడొందల రోజుల దాకా వాన పడుతుంది, అదీ లక్షకి పైగా జనం బతికే ఊరు. పసిఫిక్ నుంచి వచ్చే గాలి ఆండీస్ పర్వతాలకి తగలడం అక్కడి కారణం. కానీ సాయుధ ముఠాల గొడవలు ఆ ప్రాంతంలో ఇంకా సద్దుమణగలేదు, స్పానిష్ రాకపోతే అడుగు ముందుకు పడదు. కామెరూన్‌లోని డెబుంచా, ఈక్వటోరియల్ గినీలోని ఉరేకా కూడా పది వేల మిల్లీమీటర్లు దాటిన ఊళ్లే. ఒకటి మౌంట్ కామెరూన్ అగ్నిపర్వతం పాదాల దగ్గర, ఇంకొకటి సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టే బయోకో దీవి తీరంలో. ఆఫ్రికాలో పని మీద ఉన్నవాళ్లకి అవకాశం దొరికితే అదృష్టం. సెలవు పెట్టి అంత దూరం వాన కోసం వెళ్లడం నాకు మాత్రం పెద్ద సాహసమే.

మీరెవరు అన్నదాన్ని బట్టి

మొదటిసారి, వారం సెలవు, నడవగల శరీరం: సోహ్రా, జూన్ చివరి వారం. నాలుగు రాత్రులు తప్పకుండా ఉంచండి. రెండు రాత్రులు పెట్టుకుంటే మంచు తప్ప ఏమీ చూడకుండా తిరిగొచ్చే ప్రమాదం ఎక్కువ.

అమ్మానాన్నలు, చిన్న పిల్లలు వెంట ఉంటే: సోహ్రాయే, కానీ సెప్టెంబరు రెండో సగంలో. వాన పడుతూనే ఉంటుంది, జలపాతాలు నిండుగా ఉంటాయి, తెరిపి ఎక్కువ. అమెరికాలో ఉంటే కవాయి, దక్షిణ లేదా పడమటి తీరంలో గది.

ఫొటోల కోసం వెళ్లేవాళ్లు: మిల్‌ఫర్డ్. లెన్స్ తుడిచే గుడ్డలు పది పెట్టుకున్నా చాలవు. మేఘాలయలో ఫొటోలు అదృష్టం మీద ఆధారపడతాయి.

డబ్బు తక్కువ, సెలవు ఇంకా తక్కువ: ఆగుంబె. ఇంకేం ఆలోచించకండి.

వాన అంటే నిజంగా పిచ్చి, చప్పుడు వింటూ పుస్తకం చదువుకుంటూ నాలుగు రోజులు గడపగలనంటే: మాసిన్రాం. ఈ రకం మనుషులు తక్కువ. భార్యాభర్తల్లో ఒక్కరే ఈ రకమైతే టెన్షన్ ఖాయం, ముందే మాట్లాడుకోండి.

సర్దుకునేటప్పుడు

ఎక్కడికి వెళ్లినా జీన్స్ ఇంట్లో వదిలేయండి. ఒకసారి తడిస్తే సోహ్రా గాలిలో మూడు రోజులైనా ఆరదు. నైలాన్ ప్యాంట్లు రెండు, రోజుకి రెండు జతల చొప్పున మేజోళ్లు, ప్లాస్టిక్ సంచులు దండిగా. రెయిన్‌కోట్ మీద పదిహేను వందలు మిగుల్చుకుందామనుకోవద్దు, చెప్పుల మీద మిగుల్చుకోండి: పట్టున్న రబ్బరు చెప్పులు మార్కెట్లో చవగ్గానే దొరుకుతాయి, తడిసినా బాధ లేదు. ఆగుంబెకి ఉప్పు పొట్లం ఒకటి, జలగల కోసం.

మేఘాలయకి గువాహటి దాకా హైదరాబాద్ నుంచి నేరుగా విమానాలున్నాయి. విజయవాడ, విశాఖ మీదుగా అస్సాం వెళ్లే రైళ్లూ ఉన్నాయి, వైజాగ్ నుంచి ఒకటిన్నర రోజు. అరుణాచల్‌కి కావాల్సిన ఇన్నర్ లైన్ పర్మిట్ ఇక్కడ అడగరు. గువాహటి నుంచి షిల్లాంగ్ మూడు గంటలు, అక్కడి నుంచి షేరింగ్ సుమోలు సోహ్రాకి దొరుకుతాయి. తిరుగు ప్రయాణానికి విమానం ఉన్న రోజు పొద్దున సోహ్రాలో బయల్దేరే ప్లాన్ వేయకండి, ముందు రోజు రాత్రికే గువాహటి చేరండి. కొండచరియ ఒక్కటి రోడ్డు మీద పడితే చాలు, టికెట్ డబ్బులు గంగలో కలిసినట్టే.

ఆదివారం సోహ్రా, షిల్లాంగ్‌లలో చాలా దుకాణాలు మూసేస్తారు, జనం చర్చికి వెళ్తారు. శనివారం సాయంత్రమే బిస్కెట్లు, అరటిపళ్లు కొని పెట్టుకోండి.